అడవి నుంచి సెలవు మీద వచ్చిన తమ్ముడితో ఏం మాట్లాడాలి?

ప్రశ్న:

మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లెటూరు. నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. నా తమ్ముడు సి.ఆర్.పి.ఎఫ్.లో చేరి తొమ్మిదేళ్లయింది. కొన్నేళ్లుగా, మావోయిస్టులతో పోరుకు ఏర్పాటు చేసిన కోబ్రా బెటాలియన్‌లో ఉంటూ ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో పనిచేస్తున్నాడు. ఇప్పుడు సెలవు మీద ఇంటికి వచ్చాడు. రాత్రిళ్లు నిద్రపోడు. పొలం గట్టు మీద కూడా నేల వైపే చూస్తూ, ముందు వెళ్లినవాళ్ల అడుగుల్లోనే అడుగు వేస్తూ నడుస్తాడు. మొన్న ఒక పెళ్లిలో బంధువు ఒకరు నవ్వుతూ ‘ఎంతమందిని లేపేశావురా’ అని అడిగితే పంక్తిలోంచి లేచి వెళ్లిపోయాడు. మా పెదనాన్నగారు ఒకప్పుడు పౌరహక్కుల కార్యక్రమాల్లో తిరిగినవారు. ఆయన ‘మీ చేతుల్లో ఎంతమంది ఆదివాసులు పోయార్రా’ అని అడిగితే ఆయనకూ జవాబు చెప్పలేదు. నాతో మాత్రం ఒక రాత్రి, ‘అక్కా, మా గస్తీ పార్టీ మొత్తంలో ఆ ఊళ్లవాళ్ల మాట అర్థమయ్యేది నాకొక్కడికే’ అన్నాడు. ఆపైన నోరు విప్పలేదు. యుద్ధం అయిపోవచ్చిందని టీవీలో చెబుతున్నారు. వాడు చేస్తున్నది మంచో చెడో నాకే తెలియనప్పుడు వాడితో ఏం మాట్లాడను? తిరిగి వెళ్లవద్దని చెప్పనా?

– ఒక అక్క, శ్రీకాకుళం జిల్లా

సమాధానం:

సోదరీ,

మీ తమ్ముడు మీతో అన్న ఆ ఒక్క మాటలోనే అతని ఉద్యోగంలోని కష్టం చాలావరకు ఉంది. అందువల్ల అక్కడి నుంచే మొదలుపెడతాను.

సుక్మా జిల్లా దక్షిణ కొస కుంట ప్రాంతం. సరిహద్దు దాటితే మన రాష్ట్రమే. అక్కడి దోర్ల ఆదివాసుల మాటలో తెలుగు బాగా కలిసి ఉంటుంది. పైగా 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ మద్దతుతో సల్వా జుడుం మొదలయ్యాక ఊళ్లు వదిలి సరిహద్దు దాటి, అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లో గుడిసెలు వేసుకుని, మిరప తోటల్లో కూలికి వెళ్లి బతికిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. వారిలో తిరిగి సొంత ఊళ్లకు వెళ్లినవారికి తెలుగు వచ్చు. ఒక కోబ్రా పార్టీలో ఉత్తరప్రదేశ్ నుంచి, బీహార్ నుంచి, హర్యానా నుంచి, కేరళ నుంచి వచ్చిన జవాన్లు ఉంటారు. గ్రామస్థులు భయంతో గొణిగేది, వృద్ధురాలు తిట్టేది, పిల్లవాడు తల్లిని అడిగేది వారందరి చెవులకూ వట్టి శబ్దంగానే చేరుతుంది. మీ తమ్ముడికి మాత్రం ప్రతి మాటా అర్థంతో సహా చేరుతుంది. సోదా జరిగే ఇంటి ముందు నిలబడి, అధికారి ప్రశ్నను తెలుగులో అడిగి, వచ్చిన జవాబును హిందీలోకి మార్చి చెప్పేది బహుశా అతనే. తాను చెప్పే మాటను బట్టి ఎదుటి మనిషిని వదిలేయడమో, వెంట తీసుకుపోవడమో జరుగుతుందని తెలిసి కూడా ఆ పని చేయవలసి వస్తుంది. తుపాకీ పట్టుకునే బాధ్యతకు ఇది అదనం. దీనికి శిక్షణ ఇచ్చేవారూ లేరు, దీన్ని లెక్కలోకి తీసుకునేవారూ లేరు.

మీరు అడిగిన మంచి చెడుల ప్రశ్నకు వచ్చే ముందు ఈ యుద్ధం ఎలాంటిదో కొంత వివరంగా చెప్పడం అవసరం, ఎందుకంటే మీ ఇంట్లో అతన్ని ప్రశ్నించిన ఇద్దరూ ఇది రెండు సైన్యాల మధ్య జరిగే యుద్ధమన్నట్టే అడిగారు. సరిహద్దులో నిలబడే సైనికుడికి ఎదుటివాడి యూనిఫాం కనిపిస్తుంది. తిరుగుబాటును అణచడానికి వెళ్లిన సైనికుడికి కనిపించేది ఊరు. ఆ ఊళ్లో ఉదయం పొలంలో ఉన్న మనిషే రాత్రి దళానికి అన్నం పెట్టి ఉండవచ్చు. అది ఇష్టంతో పెట్టాడో, భయంతో పెట్టాడో, మేనల్లుడు దళంలో ఉన్నాడు కనుక పెట్టాడో బయటివాడికి తెలియదు. అదే మనిషి పోలీసులకు దారి చూపించాడన్న అనుమానం వస్తే, ఇన్‌ఫార్మర్ అని ప్రజాకోర్టులో చంపేస్తారు. మావోయిస్టులు అలా చంపిన ఆదివాసులు, వారు పాతిన మందుపాతరల మీద కాలు పెట్టి చనిపోయిన తునికాకు కూలీలు, పశువుల కాపరులు చాలామంది ఉన్నారు. ఈ మాట మీ పెదనాన్నగారి ప్రశ్నలో లేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

ఇక నేల. మీ తమ్ముడు పొలం గట్టు మీద కూడా అడుగులో అడుగు వేసి నడుస్తున్నాడని రాశారు. బస్తర్‌లో పనిచేసేవారికి అది ప్రాణం నిలిపే అలవాటు. అక్కడ వాహనాల మీద కంటే కాలినడకన వెళ్లడమే క్షేమం. 2023 ఏప్రిల్ 26న దంతెవాడ జిల్లా అరన్‌పూర్ దగ్గర వ్యాను కింద పేలిన మందుపాతరకు 10 మంది డి.ఆర్.జి. (స్థానికులతో ఏర్పడిన జిల్లా రిజర్వ్ గార్డ్) జవాన్లు, డ్రైవరు చనిపోయారు. 2025 జనవరి 6న బీజాపూర్ జిల్లాలో అదే తీరులో 8 మంది జవాన్లు, డ్రైవరు పోయారు. నడిచేవారి కోసం కాలి ఒత్తిడికి పేలేవి వేరే ఉంటాయి, ఆకులు కప్పిన గోతుల్లో ఇనుప మేకులు ఉంటాయి. ఇన్నేళ్లు ప్రతి అడుగునూ అనుమానించి బతికిన శరీరం, ఇది మన ఊరు, ఇక్కడ ఏమీ ఉండదు అని బుద్ధి చెప్పినంత మాత్రాన వినదు. కనుక దాన్ని చాదస్తంగా చూసి ఆటపట్టించకండి, ఎవరినీ ఆటపట్టించనివ్వకండి.

ఈ నిరంతర అనుమానం చీకట్లో, జనం మధ్యలో పనిచేసినప్పుడు ఏమవుతుందో చెప్పే రెండు ఘటనలు ఉన్నాయి. 2012 జూన్ 28 రాత్రి బీజాపూర్ జిల్లా సార్కెగూడ దగ్గర భద్రతా దళాల కాల్పుల్లో 17 మంది గ్రామస్థులు చనిపోయారు. చనిపోయింది మావోయిస్టులని ముందు ప్రకటించారు. న్యాయవిచారణ జరిపిన జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్, ఆ గ్రామస్థులు మావోయిస్టులనడానికి ఆధారం లేదని, వారు కాల్పులు జరపలేదని, జవాన్లకు తగిలిన గాయాలు తమలో తాము కాల్చుకున్నవే కావచ్చని, భయాందోళనలో కాల్పులు మొదలై ఉండవచ్చని తేల్చింది. ఆ నివేదిక బయటికి వచ్చింది 2019 చివరలో. సార్కెగూడ జరిగిన మరుసటి ఏడాది, 2013 మే 17 రాత్రి, అదే జిల్లాలోని ఎడెస్‌మెట్టలో విత్తనాల పండుగకు గుమిగూడిన ఊరివాళ్ల మీద కాల్పులు జరిగి పిల్లలతో సహా 8 మంది గ్రామస్థులు, ఒక కోబ్రా కానిస్టేబుల్ మరణించారు. అక్కడా విచారణ కమిషన్ దాదాపు ఇదే మాట చెప్పింది.

ఈ రెండు రాత్రుల్లోనూ ఆ జవాన్లు చంపాలనే నిశ్చయంతో ఇంటి నుంచి బయలుదేరి ఉండరని నేను నమ్ముతాను. అదే సమయంలో చనిపోయిన పిల్లల తల్లులకు ఆ మాట ఏ విధంగానూ సమాధానం కాదని కూడా నమ్ముతాను. ఇటువంటి యుద్ధంలో ఈ రెండు నమ్మకాలనూ ఒకేసారి మోయాలి. ఒకదాన్ని దించేసుకుంటే మనసు తేలికవుతుంది గానీ, అక్కడ జరిగినది మనకు అర్థం కాకుండా పోతుంది. మీ ఇంట్లో పెళ్లి బంధువు ఒకదాన్ని దించేసుకున్నారు, పెదనాన్నగారు మరోదాన్ని దించేసుకున్నారు. మీ తమ్ముడికి మాత్రం రెండూ మోయక తప్పడం లేదు.

తాడ్‌మెట్ల అనే ఊరి పేరు మీరు వినే ఉంటారు. 2010 ఏప్రిల్ 6న చింతల్‌నార్ క్యాంపు నుంచి వెళ్లిన సి.ఆర్.పి.ఎఫ్. కంపెనీని మావోయిస్టులు అక్కడ చుట్టుముట్టి 76 మందిని చంపారు. ఈ దేశంలో కేంద్ర బలగాలకు ఒక్క రోజులో అంత నష్టం అరుదుగా జరిగింది. సి.ఆర్.పి.ఎఫ్.లో ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ పేరు చెబితే ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది. అయితే ఆ ఊరివాళ్లకు ఆ పేరుతో గుర్తొచ్చేది 2011 మార్చి. ఆ నెలలో తాడ్‌మెట్లలోనూ పక్క ఊళ్లలోనూ ఇళ్లు తగలబడ్డాయి. సుప్రీంకోర్టు ఆదేశం మీద దర్యాప్తు చేసిన సి.బి.ఐ. 2016లో ప్రత్యేక పోలీసు అధికారులుగా (పోలీసులకు తోడుగా తుపాకులిచ్చి చేర్చుకున్న స్థానికులు) పనిచేసిన కొందరి మీద అభియోగపత్రం వేసింది. బుర్కాపాల్‌లోనూ అంతే. 2017 ఏప్రిల్ 24న అక్కడ రోడ్డు పనులకు కాపలాగా ఉన్న 25 మంది సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లు చనిపోయారు. ఆ కేసులో పట్టుకున్న ఆదివాసుల్లో 121 మందిని, ఐదేళ్లు జైల్లో ఉన్న తరువాత, 2022 జూలైలో దంతెవాడ కోర్టు నిర్దోషులని వదిలిపెట్టింది. ఆ 25 మందిని చంపినవారికి శిక్ష పడలేదు, చంపనివారు ఐదేళ్లు శిక్ష అనుభవించారు. చనిపోయిన జవాన్ల కుటుంబాలకు కూడా దీనివల్ల న్యాయం జరగలేదని మరచిపోకూడదు.

ఈ పోరులో మన తెలుగువాళ్ల పాత్ర రెండు వైపులా లోతైనది, మీ జిల్లా పాత్ర మరీ లోతైనది. 1967లో లేవిడిలో గిరిజనుల మీద భూస్వాముల కాల్పుల తరువాత రాజుకున్న శ్రీకాకుళ గిరిజన పోరాటం 1970 జూలైలో దాని నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మరణంతో అణగారింది. 2025 మే 21న అబూజ్‌మాడ్ అడవుల్లో చనిపోయిన మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు మీ జిల్లా జియ్యన్నపేటలో పుట్టినవాడు. ఉద్యోగాల కోసం రైలెక్కి సైన్యంలో, సి.ఆర్.పి.ఎఫ్.లో, బి.ఎస్.ఎఫ్.లో చేరే కుర్రాళ్లు కూడా మీ ఊళ్ల నుంచే వెళతారు. ఒకే నేల మీద పుట్టినవారు అడవిలో ఎదురెదురుగా నిలబడిన సందర్భాలు ఉన్నాయి కాబట్టే ఈ విషయం మన ఇళ్లలో అంత సులభంగా మాట్లాడుకోలేము.

ఆంధ్రప్రదేశ్ పోలీసుల నక్సల్ వ్యతిరేక బలగం గ్రేహౌండ్స్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దేశంలోని ఇతర బలగాలు నమూనాగా తీసుకున్నది దాన్నే. ఐ.పి.ఎస్. అధికారి కె.ఎస్. వ్యాస్ 1989లో దాన్ని ఏర్పాటు చేశారు. 1993 జనవరి 27న హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో ఆయన్ను నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్ కాల్చి చంపింది. ఆ బలగం పద్ధతి ఏమిటంటే, పెద్ద క్యాంపుల్లో కూర్చోకుండా చిన్న జట్లుగా, కచ్చితమైన సమాచారం మీద అడవిలోకి వెళ్లి, పని ముగించుకుని తిరిగి రావడం. ఆ కుర్రాళ్లకు భాష వచ్చు, నేల తెలుసు. ఇంతటి శిక్షణ పొందిన బలగం కూడా 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో పడవ మీద వస్తుండగా దాడికి గురైంది, అందులో 38 మంది చనిపోయారు. పద్ధతి ఎంత మంచిదైనా అది మంచి ప్రవర్తనకు హామీ కాదన్నది కూడా మనకు తెలుసు. 2007 ఆగస్టులో విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో కూంబింగ్‌కు వెళ్లిన పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని 11 మంది కోందు మహిళలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో విశాఖ కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేస్తూనే, దర్యాప్తు చేసిన తీరును తప్పుబట్టి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. ఆ తీర్పుతో ఏం జరిగిందన్నది తేలిందని ఎవరూ అనలేరు. అటు ఆ మహిళలకూ ఇటు నిజంగా తప్పు చేయని పోలీసులెవరైనా ఉంటే వారికీ దాదాపు పదహారేళ్ల తరువాత దక్కింది ఆ అస్పష్టతే.

నా అభిప్రాయంలో ఈ తరహా యుద్ధాల్లో అన్నింటికంటే పెద్ద అపకారం చేసేది శవాల లెక్కతో విజయాన్ని కొలవడం. వియత్నాంలో అమెరికా సైన్యం అలా కొలిచి ఏమైందో లోకానికి తెలుసు. సార్కెగూడలో పదిహేడు మందిని మొదట ఏ ఖాతాలో వేశారో పైన చెప్పాను. తలల మీద వెలలు, ఎన్‌కౌంటర్ జరిగిన వెంటనే పతకాలు, పదోన్నతులు ఉన్నచోట మనిషి ఎవరో నిదానంగా తేల్చుకోవడానికి ప్రోత్సాహం ఉండదు. 2014 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు, పౌరహక్కుల సంస్థ పి.యు.సి.ఎల్. కేసులో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ సంగతి గుర్తించాయి. ఎన్‌కౌంటర్ మరణం జరిగితే ఎఫ్.ఐ.ఆర్. ఉండాలని, సి.ఐ.డి. గానీ మరో పోలీస్ స్టేషన్ బృందం గానీ దర్యాప్తు చేయాలని, శౌర్యం నిస్సందేహంగా రుజువయ్యేదాకా ఆ ఘటనకు వెంటనే పతకాలు, ముందస్తు పదోన్నతులు ఇవ్వకూడదని అందులో ఉంది. దీన్ని జవాన్లకు వ్యతిరేకమైన తీర్పుగా చాలామంది చెబుతారు. నేను అలా చూడను. తాను చేసిన పని సరైనదని స్వతంత్రంగా తేలడం కంటే జవాను మనసుకు మేలు చేసేది మరొకటి లేదు. ఆ విచారణ జరగనప్పుడు ఆ ప్రశ్న అతని లోపలే మిగిలిపోయి, రాత్రిళ్లు అతన్నే నిలదీస్తుంది.

ఆలోచించవలసిన మరో తీర్పు 2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ఇచ్చినది. నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనానికి, పెద్దగా చదువు లేని ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా ముందుకు తోయడం రాజ్యాంగ విరుద్ధమని వారు అన్నారు. ఆ తీర్పులో నాకు ముఖ్యంగా కనిపించేది, తుపాకీ పట్టుకున్న ఆ కుర్రవాడి జీవితానికి కూడా విలువ ఉందని కోర్టు గుర్తించడం. మీ తమ్ముడి విషయంలోనూ అడగవలసింది ఇదే. అతన్ని అక్కడికి పంపినవారు అతనికి ఎంత భాష నేర్పారు, ఎంత నిద్ర ఇచ్చారు, ఎంత స్పష్టమైన ఆదేశాలిచ్చారు, తప్పు జరిగితే చెప్పుకోవడానికి ఏ దారి చూపించారు?

అందువల్ల, వాడు చేస్తున్నది మంచా చెడా అనే మీ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పను. చట్టబద్ధమైన ప్రభుత్వం తన పౌరులను చంపుతున్న సాయుధ దళాన్ని ఎదుర్కోవడానికి బలగాలను పంపడం తప్పు అని నేను అనలేను. ఆ పనిలో భాగంగా ఊళ్లను ఖాళీ చేయించడం, నిర్దోషులను చంపి మావోయిస్టులని చెప్పడం తప్పు అని చెప్పడానికి మాత్రం ఏ సందేహమూ లేదు. మీ తమ్ముడు ఈ రెండింటి మధ్య ఎక్కడెక్కడ నిలబడ్డాడో మీకు తెలియదు, నాకూ తెలియదు. అతను కూడా ఒక్కో రోజుకు ఒక్కో జవాబు చెప్పుకుంటూ ఉండవచ్చు. అతనితో మాట్లాడడానికి ముందు ఆ జవాబు మీ దగ్గర సిద్ధంగా ఉండనవసరం లేదు. మీరు తీర్పు చెప్పరన్న నమ్మకం ఉంటేనే అతను మాట్లాడతాడు.

ఇంటికి వచ్చినవారికి ఆ రెండు ప్రశ్నలూ మళ్లీ అతన్ని అడగవద్దని మీరే ముందుగా చెప్పండి. పెదనాన్నగారికి కొంచెం ఎక్కువసేపు చెప్పవలసి ఉంటుంది. ఆయన ఆవేదనకు ఆధారం ఉంది. ఎన్‌కౌంటర్ల మీద 1997లో జాతీయ మానవ హక్కుల కమిషన్ ఇచ్చిన మార్గదర్శకాల వెనుక ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఫిర్యాదులున్నాయి. 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ చర్చలు జరిగాయంటే విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ వంటివారు ఏళ్ల తరబడి ఇద్దరి తప్పులనూ ఇద్దరి ముఖం మీదే చెప్పడం ఒక కారణం. 1987లో తనను అపహరించినవారితో కూడా మాట్లాడడం మానని మనిషి ఆయన. పెదనాన్నగారు ఆ సంప్రదాయానికి చెందినవారైతే, అధికారంలో ఉన్నవారిని అడగవలసిన ప్రశ్నను సెలవు మీద వచ్చిన కుర్రవాడిని అడగరు.

మీరు మాట్లాడడానికి రాత్రి వేళ, ఎదురెదురుగా కూర్చుని, ‘ఇప్పుడు చెప్పు’ అన్నట్టు ఉండకూడదు. పక్కపక్కన ఏదో పని చేసుకుంటూ మాట్లాడితే మగవాళ్లకు మాట తేలిగ్గా వస్తుంది. ఎవరిని కాల్చావు, ఎంతమంది పోయారు అనేవి అడగకండి. ‘ఆ ఊళ్లవాళ్లు ఏం మాట్లాడేవాళ్లురా’ అని అడగండి. అతను తలుపు తీసింది ఆ చోటే. చెప్పడం మొదలుపెడితే మధ్యలో ఓదార్చకండి, ‘నీ తప్పేం లేదులే’ అని తొందరపడకండి. ఆ మాట అన్నారంటే మీరు మొత్తం వినడానికి సిద్ధంగా లేరని అతనికి అర్థమవుతుంది. చెప్పకపోతే వదిలేయండి, మరో రోజు మరో పనిలో ఉన్నప్పుడు మాట్లాడవచ్చు.

అయితే మాటలతోనే సరిపోదు. నిద్ర పట్టకపోవడం, నేల మీది నుంచి చూపు తిప్పుకోలేకపోవడం, జనంలో కూర్చోలేకపోవడం, ఒక విషయం ఎదురైతే లేచి వెళ్లిపోవడం, ఇవన్నీ కలిపి నెలకు మించి ఉంటే వైద్యుడు చూడవలసిన స్థితే. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల బాధల వల్లే 1980లో పి.టి.ఎస్.డి. (తీవ్రమైన ఘటన తరువాత మిగిలిపోయే మానసిక ఒత్తిడి) అనే రోగనిర్ధారణ అమెరికన్ వైద్య పట్టికలోకి ఎక్కింది. ఆ తరువాత వైద్యులు మరొక సంగతి గమనించారు. చావు భయం వల్ల కలిగే గాయం వేరు, తాను చేసినదో చేయలేకపోయినదో తన నీతికి విరుద్ధమన్న బాధ వల్ల కలిగే గాయం వేరు. రెండోదానికి నిద్రమాత్రలు పెద్దగా పనిచేయవు. అది తెలిసిన మానసిక వైద్యుడి దగ్గర కొన్ని నెలల పాటు మాట్లాడవలసి ఉంటుంది. మీ తమ్ముడు నాతో చెప్పలేదు గానీ, మీ ఉత్తరం చదివితే నాకు రెండోదే ఎక్కువగా తోస్తోంది. ఇది వైద్యుడి నిర్ధారణ కాదు, అందుకే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లమంటున్నాను.

మీకు దగ్గరలో విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. అంతకంటే ముందు 14416కు ఫోన్ చేయవచ్చు. అది ప్రభుత్వ టెలీ మానస్ సేవ, రోజంతా ఉచితంగా అందుతుంది, తెలుగులో మాట్లాడతారు. మీరే ముందు ఫోన్ చేసి, ఇంట్లో ఎలా ఉండాలో అడిగినా తప్పు లేదు. మద్యం తాగితేనే నిద్ర పడుతోందని అతను అంటే, అది నిద్రను మరింత పాడుచేస్తుందని వైద్యుడి చేత చెప్పించండి, మీరు కోప్పడవద్దు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి భయపడకండి. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అడిగేవారు ఉన్నారని తెలిస్తే కొంత ఊరట కలుగుతుంది. అవునంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక్కడ జవాన్లకు ఉండే ఒక పెద్ద భయాన్ని మీరు అర్థం చేసుకోవాలి. కేంద్ర బలగాల్లో ఏటా జరిగే వైద్య పరీక్షలో షేప్ అనే వర్గీకరణ ఉంటుంది, అందులో మొదటి అక్షరం మానసిక స్థితికి సంబంధించినదే. పదోన్నతికి షేప్-1 కావాలి. మానసిక వైద్యుడి చీటీ ఒకటి ఫైల్లో చేరితే కోబ్రా భత్యం పోతుందని, పదోన్నతి ఆగుతుందని, తోటివారిలో చులకనవుతానని అనుకుని చాలామంది చెప్పకుండా దాచుకుంటారు. ఆ భయం పూర్తిగా నిరాధారమని నేను చెప్పలేను. కానీ దాచుకుని, ఒక రోజు డ్యూటీలో అధికారితో గొడవపడి, లేదా తోటి జవాను మీద తుపాకీ ఎత్తి ఉద్యోగం పోగొట్టుకోవడం కంటే వర్గం తగ్గడం చాలా చిన్న నష్టం. తగ్గిన వర్గం చికిత్స తరువాత మళ్లీ పెరగవచ్చు. మానసిక అనారోగ్యంతో ఉన్న ఒక సి.ఆర్.పి.ఎఫ్. అధికారి మీద పెట్టిన క్రమశిక్షణ చర్యల కేసులో, ఆ అనారోగ్యంతో ముడిపడిన ప్రవర్తనకు శిక్షించడం వివక్షే అవుతుందని సుప్రీంకోర్టు 2021 డిసెంబరు 17న చెప్పింది. వికలాంగుల హక్కుల చట్టంలోని ఉద్యోగ రక్షణల నుంచి పోరాట సిబ్బందికి మినహాయింపు ప్రకటించి ఉన్నారు కనుక ఆ తీర్పు అందరికీ యథాతథంగా వర్తిస్తుందని అనుకోవద్దు. అవసరమైతే సర్వీసు వ్యవహారాలు తెలిసిన న్యాయవాదిని అడగండి. చికిత్స కాగితాలన్నీ తేదీలతో సహా భద్రపరచండి.

ఒకవేళ అతను ఒక నిర్దోషి చావు గురించి చెబితే ఏం చేయాలన్నది మీరు అడగలేదు, కానీ మీ ఉత్తరంలో ఆ భయం ఉంది. ముందు వినండి. ఎవరికీ చెప్పనని గానీ, అందరికీ చెబుతానని గానీ మాట ఇవ్వకండి. ఆ సంగతి బయటపెట్టాలా వద్దా అన్నది అతను తీసుకోవలసిన నిర్ణయం, అది కూడా కొంత కోలుకుని నిద్రపోగలిగిన తరువాత. వాట్సాప్‌లోనో ఫేస్‌బుక్‌లోనో పెట్టడం అతనికీ మంచిది కాదు, ఆ చనిపోయినవారి కుటుంబానికీ ఉపయోగపడదు. న్యాయవాది సలహాతో లిఖితపూర్వకంగా పై అధికారులకు, అవసరమైతే కోర్టుకు చెప్పడమే దారి. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు కూడా ఫిర్యాదు చేయవచ్చు గానీ, కేంద్ర బలగాల విషయంలో 1993 నాటి చట్టంలోని 19వ సెక్షన్ వల్ల కమిషన్ కేంద్ర ప్రభుత్వాన్ని నివేదిక అడిగి, సిఫారసులు చేయడానికే పరిమితమవుతుందని ముందే తెలుసుకోవాలి. ఇవన్నీ నెమ్మదైన దారులు. అయినా నేను చూసినంతలో, నిజం ఒక కాగితం మీదికి ఎక్కిన తరువాత కొందరు సైనికులకు రాత్రులు కొంచెం తేలికపడ్డాయి.

తిరిగి వెళ్లవద్దని చెప్పనా అని అడిగారు. ఈ సెలవులో రాజీనామా నిర్ణయం తీసుకోనివ్వకండి. నిద్ర లేని మనిషి జీవితంలో పెద్ద నిర్ణయం ఏదీ తీసుకోకూడదు. తొమ్మిదేళ్ల సర్వీసు వదులుకోవడం వల్ల కుటుంబానికి ఏం మిగులుతుందో లెక్క కూడా చూసుకోవాలి. ఉద్యోగం వేరు, కోబ్రా పోస్టింగు వేరు. సి.ఆర్.పి.ఎఫ్.లో దేశమంతటా ఇతర బెటాలియన్లు, శిక్షణ కేంద్రాలు, గ్రూప్ సెంటర్లు ఉన్నాయి. వైద్యుడి నివేదికతో బదిలీ అడగడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. సెలవు సరిపోకపోతే వైద్య కారణంతో పొడిగింపుకు, గడువు ముగియకముందే, యూనిట్‌కు రాతపూర్వకంగా పంపాలి. చెప్పకుండా ఆగిపోతే పరారీ కింద లెక్కవుతుంది, అది కేసుల దాకా పోతుంది.

యుద్ధం అయిపోవచ్చిందన్న మాట గురించి కూడా ఒక సంగతి. కేశవరావు చనిపోయిన ఏడాదే నవంబరు 18న మన మారేడుమిల్లి అడవుల్లో మావోయిస్టు కమాండర్ హిడ్మా చనిపోయాడు, అంతకు ముందు నెలలో ఆ పార్టీ అగ్రనేత మల్లోజుల వేణుగోపాలరావు ఆయుధాలతో లొంగిపోయాడు, మావోయిజాన్ని అంతం చేయడానికి కేంద్రం 2026 మార్చి 31ని గడువుగా అంతకుముందే ప్రకటించి ఉంది. మావోయిస్టు పార్టీ మునుపటి శక్తితో లేదన్నది వాస్తవం. కానీ పాతిన మందుపాతరలు గడువు చూసుకుని నిర్వీర్యం కావు, కొత్తగా వెలసిన క్యాంపులు అక్కడే ఉంటాయి, ఆ క్యాంపుల్లోని కుర్రాళ్లు ఆ ఊళ్లవాళ్లతో ఇంకా కొన్నేళ్లు పక్కపక్కనే బతకాలి. అప్పుడు వారికి ఎక్కువగా కావలసింది ఊరివాళ్ల మాట తెలిసిన మనిషి. మీ తమ్ముడు ఆరోగ్యం కుదుటపడి, తన ఇష్టంతో తిరిగి వెళితే ఆ పనికి అతని కంటే తగినవాడు దొరకడు. వెళ్లనంటే దాన్ని కూడా గౌరవించండి. ఈలోగా వచ్చే సోమవారమే చినవాల్తేరు ఓ.పి.కి తీసుకెళ్లండి. ఆధార్ కార్డు, యూనిట్ గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి. లోపలికి వైద్యుడి దగ్గరకు అతన్ని ఒంటరిగా వెళ్లనివ్వండి.